డార్విన్ టాక్సీలో నా పుట్టింటి పేరు

అనుమానం నా ఉద్యోగం. సిడ్నీలో ఒక బ్యాంకులో మోసాలు పట్టే విభాగంలో పదమూడేళ్ళుగా పనిచేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఖాతాదార్ల చేత రహస్యాలు చెప్పించుకున్న తియ్యటి గొంతుల రికార్డింగులు వింటాను. గొంతు ఎక్కడ మెత్తబడింది, ఎక్కడ ‘డియర్’ అన్నాడు, అడగని సాయం ఎక్కడ చేస్తానన్నాడు, ఇవన్నీ గుర్తుపట్టి రాసిపెట్టాలి. అతి వినయం ధూర్త లక్షణం అని మనవాళ్ళు ఏనాడో చెప్పేశారు. మా బ్యాంకు ఆ ఒక్క ముక్కనే లావుపాటి శిక్షణ పుస్తకంగా అచ్చు వేయించి, కొత్తగా చేరిన పిల్లలకి నా చేత పాఠం చెప్పిస్తుంది.

సాయంత్రం మా పేట రౌస్ హిల్‌లో మెట్రో దిగాక కూడా ఈ ఉద్యోగం నన్ను వదలదు. పక్కింటి తెల్లాయన తన పెరట్లో కాసిన నిమ్మకాయలు సంచీడు తెచ్చిస్తే, దేనికిచ్చాడా అని మూడు రోజులు ఆలోచించాను. ఎక్కువ కాశాయి కాబట్టి ఇచ్చాడని మా ఆయన తేల్చాడు. దేవుడు ప్రత్యక్షమైనా ముందు ఐడీ చూపించమంటావు నువ్వు అని కూడా అన్నాడు. అననీ. పదిహేడేళ్ళ కాపురంలో మా ఇంట్లో ఎవరూ ఒక్క దొంగ ఫోనుకీ చిక్కలేదంటే అది ఆయన ప్రతాపం కాదు.

ఇక్కడి బ్యాంకులు అడిగే రహస్య ప్రశ్నల్లో అన్నిటికన్నా పాతది ఒకటుంది. మీ తల్లి పుట్టింటి పేరేమిటి? మా అమ్మాయి పేర ఖాతా తెరిచినప్పుడు ఆ ప్రశ్నే తగిలింది. జవాబు నా పుట్టింటి పేరు. పెళ్ళయ్యాక నా కాగితాలన్నిటి మీదా మా ఆయన ఇంటిపేరే ఉంది కాబట్టి, ఈ దేశంలో నా పుట్టింటి పేరు తెలిసినవాళ్ళు మా ఇంట్లో ఇద్దరే. పదిమందికి వద్దని పాఠం చెప్పే నేను, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా సొంత పాస్‌వర్డ్‌లన్నిట్లోనూ ఆ పేరే ఇరికించాను. దాన్ని ఎవరికీ చెప్పకూడదని అమ్మాయికి ఎనిమిదో ఏట నుంచీ నూరిపోశాను. ఇప్పుడు దానికి పద్నాలుగు. ఇక్కడ కూడా ఆ పేరు రాయను.

నిరుడు సెలవులకి బ్యాంకాక్ వెళ్ళాం. టాక్సీ మాట్లాడుకుని ఊరంతా చూద్దామన్న ఆలోచన నాదే. డ్రైవరు చేతులు జోడించి మరీ ఎక్కించుకున్నాడు. పెద్ద గుడికి పొమ్మంటే, ఇవాళ ఏదో పూజ ఉంది, మధ్యాహ్నం దాకా తెరవరు, ఈలోగా ఇంకో మంచి చోటు చూపిస్తానన్నాడు. ఆ మంచి చోటు రంగురాళ్ళు అమ్మే కొట్టు. అక్కణ్ణించి సూట్లు కుట్టే కొట్టు, అక్కణ్ణించి మళ్ళీ రాళ్ళ కొట్టు. పొద్దు వాలేసరికి మేం గుడి వెనక గోడ మాత్రం చూశాం. నేను నీలం రాయి అని మురిసిపోయి కొన్న ఉంగరంలో ఉన్నది గాజుముక్క అని సిడ్నీ వచ్చాక తేలింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. మోసాలు పట్టే మనిషి మోసపోయిందని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

అందుకని ఈసారి జూలై సెలవులకి ఇంకో దేశం వద్దన్నాను. ఉన్న దేశంలోనే, చూడని ఊరు చూద్దామని డార్విన్‌కి టిక్కెట్లు కొన్నాం. తీరా దిగితే అది ఈ దేశపు ఊరులా లేదు. సిడ్నీ కంటే బాలి దగ్గర ఆ ఊరికి. విమానాశ్రయం గుమ్మం దాటగానే మొహానికి తగిలిన ఉక్క, రోడ్డు పక్క కొబ్బరిచెట్లు, దేవగన్నేరు పూలు, అన్నీ బ్యాంకాక్‌నే గుర్తు తెచ్చాయి. ఈ ఉత్తర ప్రాంతానికి రాజధాని అంటారు గానీ చూడ్డానికి మా అనకాపల్లి అంత ఉంటుంది. వానల్లేని కాలం కదా, సిడ్నీ, మెల్‌బోర్న్ చలి తప్పించుకోవాలనుకున్న జనమంతా అక్కడే దిగారు. అద్దెకి ఒక్క కారు లేదు. ముందుగా బుక్ చెయ్యవలసింది నువ్వంటే నువ్వని నేనూ మా ఆయనా టాక్సీల వరసలో నిలబడి తెలుగులో వాదించుకున్నాం. మా వంతుకి వచ్చిన టాక్సీ ఎక్కాక కూడా వాదన ఆగలేదు.

డ్రైవరు వెనక్కి తిరిగి, “తెలుగోళ్ళా మీరు?” అన్నాడు.

నలభై ఏళ్ళుంటాయి. పూలపూల చొక్కా, నల్లటి మీసం. తెలుగు మాట్లాడుతున్నాడు గానీ అది హైదరాబాద్ తెలుగు కాదు, విజయవాడ తెలుగు కాదు. మా ఊరి పొలాల్లో చిన్నప్పుడు విన్నటువంటి తెలుగు, మధ్యమధ్య హిందీ ముక్కలు, ఇంగ్లీషు ముక్కలు. మా ఆయన్ని భయ్యా అంటున్నాడు, నన్ను అక్కా అంటున్నాడు. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడల్లా తన కథ కొంత చెప్పాడు. వాళ్ళమ్మకి నాయనమ్మ, ఓడెక్కి ఫిజీ దీవులకి చెరుకుతోటల్లో పనికి వెళ్ళింది. అక్కడే నాలుగు తరాలు. ఎనభైల చివర్లో ఫిజీలో గొడవలయ్యాక వాళ్ళ అమ్మానాన్నా ఇతన్ని చంకనేసుకుని ఆస్ట్రేలియా వచ్చేశారు. అమ్మ ఇక్కడి ఆస్పత్రిలో బట్టలుతికే చోట పనిచేసి రిటైరయింది. తండ్రి పోయాడు. ఆ అమ్మకి ఇప్పుడు ఒక్కటే కోరిక. తనని పెంచిన నాయనమ్మ పుట్టిన ఊరు చూడాలి. డిసెంబరులో తిరుపతికి ఎలాగూ వెళ్తున్నారు, ఆ చేత్తోనే ఊరికీ పోవాలి. కానీ ఏ ఊరో తెలియదు. తెలిసింది ఇంటిపేరు ఒక్కటే అన్నాడు.

“ఈ ఇంటిపేరోళ్ళు ఎక్కడుంటారో మీకేమన్నా తెలుసునా అక్కా?” అని, ఆ ఇంటిపేరు చెప్పాడు.

అది నా పుట్టింటి పేరు.

ముందు కూర్చున్న మా ఆయన నోరు తెరవబోతుంటే సీటు కింది సందులోంచి చెప్పుకాలితో ఆయన మడమ తొక్కాను. అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. పరాయి ఊళ్ళో, ముక్కూ మొహం తెలియని మనిషి, నేను ఎవరికీ చెప్పని మాటని పలికాడు. యాదృచ్ఛికం అనే మాటని మా విభాగంలో ఎవరూ వాడరు. మా వివరాలు ఎక్కడో కారాయి. ఎవరో కొన్నారు. విమానం దిగే వేళ కూడా తెలుసుకుని వరసలో కాపు కాశాడు. ఇవన్నీ నాకు ఒక్క క్షణంలో తట్టాయి.

మా ఇంటిపేరేమిటని అతను అడిగితే మా ఆయన తనది చెప్పాడు. అతను కాసేపు ఆలోచించి, కాదన్నట్టు తలాడించాడు. మరి అక్కదో అని అడిగాడు. పెళ్ళయింది కదా, నాదీ అదే అన్నాను. అందులో అబద్ధమేం లేదు.

హోటలు ముందు దిగేసరికి మా ఆయన మర్నాడు రోజంతా ఊరు చూపించడానికి అతన్నే మాట్లాడేశాడు. నేను కాదనలేదు. అందుకు నా కారణం నాకుంది. దొంగని పట్టాలంటే దొంగ బండిలోనే కూర్చోవాలి. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ సముద్రపు ఒడ్డుకి వెళ్తే, నేను గదిలో కూర్చుని ఉన్న పాస్‌వర్డ్‌లన్నీ మార్చాను.

మర్నాడు ఎనిమిదింటికల్లా వచ్చాడు. బండి కడిగి తెచ్చాడు. నేను ముందుగా బండి నంబరు, అతని లైసెన్సు కార్డు ఫోటో తీసి సిడ్నీలో నా స్నేహితురాలికి పంపాను. ఫోనులో మ్యాపు తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను, నీలం చుక్క దారి తప్పుతుందేమోనని. ముందు మ్యూజియంకి పోనిమ్మన్నాను. అది పదింటి దాకా తెరవరు అక్కా, ఈలోగా ఇంకో చోటు చూపిస్తా అన్నాడు. బ్యాంకాక్ వాడి మాట, అక్షరం పొల్లుపోకుండా. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నవ్వాపుకుంటున్నాడు. ఫోనులో వెతికితే మ్యూజియం నిజంగానే పదింటికే తెరుస్తారు. అయినా నా మనసు కుదుటపడలేదు. చిన్న నిజాలు ముందు చెప్పి నమ్మకం సంపాదించడం వాళ్ళ పద్ధతి.

ఆ ఇంకో చోటు కొట్టు కాదు, యుద్ధకాలంలో నూనె దాచడానికి కొండ కింద తవ్విన సొరంగం. లోపల తడిగోడలు, పసుపుపచ్చ దీపాలు. బాంబులు పడ్డ రోజుల ఫోటోలు గోడలకి తగిలించారు. మా ఆయన ప్రతి ఫోటో దగ్గరా ఆగి చదివాడు. నేను సొరంగానికి ఇంకో దారి ఉందా అని చూశాను. తరువాత సముద్రం లోపలికి పొడుచుకొచ్చిన మొనకి తీసుకెళ్ళాడు. పచ్చిక మీద చిన్న చిన్న కంగారూలు మేస్తున్నాయి. నీళ్ళు ఎంత నీలంగా ఉన్నా దిగడానికి లేదు, మొసళ్ళున్నాయని బోర్డులు పెట్టారు. అక్కడ ఆగినప్పుడు మీటరు ఆపేశాడు. ఎందుకాపాడని అడిగితే, నిలబడ్డానికి తీసుకోకూడదు అక్కా అన్నాడు. మా ముగ్గురినీ నిలబెట్టి ఫోటో తీస్తానన్నాడు. నా ఫోనుతోనే తియ్యమన్నాను, తన ఫోనుతో వద్దన్నాను.

తరువాత డిక్కీ తెరిచి రేకు కాగితంలో చుట్టిన పొట్లం తీశాడు. వాళ్ళమ్మ పొద్దున్నే లేచి మినపగారెలు వేసి పంపిందట, తెలుగువాళ్ళు వచ్చారని. రైల్లో ఎవరేం పెట్టినా తినకూడదు, మత్తు కలుపుతారు అని వింటూ పెరిగినదాన్ని నేను. అమ్మాయి చెయ్యి చాస్తే పట్టుకుని వెనక్కి లాగాను. మా ఆయన మాత్రం వరసగా నాలుగు తిన్నాడు. పది నిమిషాలు ఆయన కళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాను, మూతలు పడతాయేమోనని. మూతలు పడలేదు సరికదా, చట్నీలో ఇంకాస్త కారం ఉంటే బాగుండేదన్నాడు. మ్యూజియంలో, గోడంత పొడవున్న ఎండగట్టిన మొసలిని చూసి బయటికి వచ్చాక, ఆకలికి ఆగలేక నేనూ ఒకటి తిన్నాను. బాగుంది. అచ్చం మా ఇంట్లో వేసినట్టే, అల్లం దంచి, మిరియం పలుకులతో. ఆ రుచి కూడా నాకు అనుమానంగానే తోచింది.

మధ్యాహ్నం ఓడరేవు వైపు వెళ్ళాలి. నీలం చుక్క ఓడరేవుకి వీపు తిప్పి, ఊరి బయటికి పోయే పెద్దరోడ్డు ఎక్కింది. ఎక్కడికి అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఐదు నిమిషాలు అక్కా, అమ్మ మిమ్మల్ని చూస్తానంది, దారిలోనే ఇల్లు అన్నాడు. దారిలో కాదని మ్యాపు చెబుతోంది. నేను స్నేహితురాలికి మెసేజి పెట్టాను. మా ఆయన వెనక్కి తిరిగి, ఐదు నిమిషాలకి ఏమైపోతాం అన్నాడు. బ్యాంకాక్‌లో కూడా ఐదు నిమిషాలే అన్నాడు కదా వాడు అన్నాను. టాక్సీ ఒక సన్నటి వీధిలోకి తిరిగి, స్తంభాల మీద లేపి కట్టిన రేకుల ఇంటి ముందు ఆగింది. గేటు పక్కన మామిడిచెట్టు పూతతో ఉంది. గేటు పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. డెబ్భై దాటి ఉంటాయి, పూల గౌను మీద తువ్వాలు, నుదుట రూపాయంత బొట్టు.

నేను దిగనన్నాను. కాళ్ళు నొప్పులన్నాను. ఆవిడే ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంకో చేత్తో పళ్ళెం పట్టుకుని నా కిటికీ దగ్గరికి వచ్చింది. పళ్ళెంలో వేడి గారెలు. ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. నా గాజులు చూసింది, అమ్మాయి బుగ్గ నిమిరింది. నాయనమ్మ తనకి తల దువ్వుతూ ఊరి సంగతులు చెప్పేదట. కాలవ ఉండేదని, కాలవ మీద తాటిపట్టె వంతెన ఉండేదని. ఊరి పేరు మాత్రం చెప్పేది కాదట, అడిగితే ఏడ్చేదట. ఈ మధ్య ఫిజీలో పాత రికార్డుల్లో ఆమె ఓడ కాగితం దొరికింది. దాని నకలు ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకుంది. ఆ కవరు కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టింది. మా ఆయన ముందు సీట్లోంచి తొంగిచూశాడు.

“అత్తోరింటి పేరు మావోడు చెప్పేడు. నీ కన్నోరింటి పేరేటమ్మా?” అని అడిగింది.

కాగితం మీద ఇంగ్లీషులో గుమాస్తా దస్తూరి. పేరు. తండ్రి పేరు, దాని ముందు ఆ ఇంటిపేరు. వయసు పందొమ్మిది. జిల్లా మా జిల్లా, తాలూకా మా తాలూకా. ఊరి పేరు ఉండవలసిన చోట మడత మీద చిరిగిపోయి ఖాళీగా ఉంది. ఇది ఎవరో నా కోసం తయారు చేసిన కాగితం కాదని చూడగానే నాకు తెలిసింది. దొంగ కాగితాలు చూసీ చూసీ ఉన్న కళ్ళు నావి. నిన్నటి నుంచి నేను పడ్డ అనుమానమంతా ఆ క్షణంలో పోయింది. అతను నిజమే చెప్పాడు. మా తాలూకాలో ఆ ఇంటిపేరు ఉన్నది మా ఒక్క ఊళ్ళోనే.

కానీ నేను ముందు చదివింది జిల్లా గడి కాదు. తాలూకా కాదు. నా కళ్ళు వాటంతటవే కులం అని రాసి ఉన్న గడికి వెళ్ళాయి. అందులో ఉన్నది మా కులం కాదు. మా ఊళ్ళో కాలవ అవతల ఉండేవాళ్ళది. మా ఇంటిపేరే అవతల కూడా రెండు మూడు ఇళ్ళకి ఉండేది. ఎందుకని చిన్నప్పుడు ఒకసారి నాన్నని అడిగితే, చదువు సంగతి చూసుకోమన్నాడు. ఈ దేశం వచ్చాక నాకు కులం లేదని నేను చాలామంది దగ్గర అన్నాను. తెలుగువాళ్ళ విందుల్లో ఎవరైనా మీదే ఊరు, మీవాళ్ళెవరు అని చుట్టూ తిప్పి అడిగితే విసుక్కునేదాన్ని. అలాంటిదాన్ని, ఆ గడి చదివాక చేతిలో ఉన్న గారెని తిరిగి పళ్ళెంలో పెట్టేశాను. పెట్టాలని అనుకోలేదు. చూసేసరికి పెట్టేసి ఉన్నాను. రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

“అది చెప్పకూడదమ్మా. నేను బ్యాంకులో పనిచేస్తాను, రూల్ ఉంది,” అన్నాను. “అయినా మాది వైజాగ్ టౌన్. ఈ తాలూకా మాకు తెలీదు. మావాళ్ళెవరూ అటు లేరు కూడా.”

ఆవిడ సరేలే అమ్మా అంది. పళ్ళెంలోకి ఒకసారి చూసింది. కవరు తీసుకుని తువ్వాలుతో తుడిచి చంకలో పెట్టుకుంది.

తిరిగి వెళ్ళేటప్పుడు డ్రైవరు ఓడరేవు చూపించాడు, చేపలు వేయించే కొట్లు చూపించాడు, పొద్దుగుంకే వేళకి సముద్రం ఒడ్డు సంతకి చేర్చాడు. ప్రతి చోటా వివరంగా చెప్పాడు, అన్నీ ఇంగ్లీషులో. పొద్దుటి తెలుగు మళ్ళీ మాట్లాడలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అద్దంలో అతని కళ్ళు కనిపించినప్పుడల్లా నేను ఫోనులోకి చూసుకున్నాను. హోటలు దగ్గర దింపి, రసీదు వెనక తన నంబరు రాసి మా ఆయనకి ఇచ్చాడు, ఎప్పుడైనా ఎవరైనా తెలిస్తే చెప్పమని.

గదిలోకి రాగానే అమ్మాయి ఇయర్‌ఫోన్లు తీసి మంచం మీద పడేసింది.

“దట్ వాజ్ తాతయ్యస్ సర్‌నేమ్, అమ్మా. ఆన్ దట్ పేపర్.”

బ్యాంకు సంగతి చెప్పాను. తెలియనివాళ్ళకి ఆ పేరు చెప్పకూడదని నీకు చిన్నప్పటి నుంచి చెప్పలేదా అన్నాను. వాళ్ళకి ఆ పేరు ముందే తెలుసు కదా, నువ్వు కొత్తగా చెప్పేదేముంది అని ఇంగ్లీషులో అడిగింది. పెద్దవాళ్ళ విషయాలు నీకెందుకన్నాను. మా నాన్న నాతో అన్న మాట కూడా దాదాపు అదే. అది బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మా ఆయన రసీదుని మడిచి పర్సులో పెట్టుకుంటూ, నువ్వు చూసిన గడి నేనూ చూశాను అన్నాడు. మరి నువ్వెందుకు నోరు విప్పలేదు అన్నాను. నా పుట్టిల్లు కాదు కదా అన్నాడు. ఆ మాటకి ఒళ్ళు మండింది, కానీ ఆయన మీద ఎంతసేపని మండుతుంది.

సిడ్నీ వచ్చేశాం. నెల గడిచింది. అమ్మాయి నాతో మాట్లాడుతూనే ఉంది గానీ ఆ సంగతి ఎత్తలేదు. ఆఫీసులో కొత్త పిల్లలు చేరితే ఎప్పటిలాగే పాఠం చెప్పాను. నిజం చెప్పేవాడు ఒక్క కారణం చెబుతాడు, ఒక్కోసారి అదీ చెప్పడు. అబద్ధమాడేవాడు అడగకుండానే మూడు చెబుతాడు. అడగని కారణాలు ఎన్నో లెక్కపెట్టండి. ఏళ్ళ తరబడి చెబుతున్న పాఠం ఇది, నిద్రలో కూడా చెప్పగలను. ఆ రోజు మాత్రం మధ్యలో ఆగిపోయాను. బ్యాంకు రూల్, వైజాగ్ టౌన్, మావాళ్ళెవరూ అటు లేరు. ఆవిడ నన్ను అడిగింది ఒక్క ప్రశ్న. పిల్లలు పెన్నులు పట్టుకుని నా వైపే చూస్తున్నారు. మంచినీళ్ళు తాగి మిగతా పాఠం ఎలాగో అయిందనిపించాను.

ఆ శనివారం మధ్యాహ్నం కూరలు కొనడానికి వెళ్ళి, రౌస్ హిల్ షాపింగ్ సెంటర్ కారు పార్కింగులో కూర్చుని ఫోను చేశాను. నంబరు మా ఆయన పర్సులోంచి ముందు రోజే తీసుకున్నాను. తీస్తుంటే చూశాడు. డార్విన్‌లో అతను రెండో రింగుకే ఎత్తాడు. నేనెవరో చెప్పాను. నా పుట్టింటి పేరు చెప్పాను. ఊరి పేరు చెప్పాను, ఏ స్టేషన్‌లో దిగాలో, ఏ బస్సు ఎక్కాలో చెప్పాను. ఆ రోజు అబద్ధమాడానని, క్షమించమని చెప్పాను. ఇంత పొడుగు మాట ఆపకుండా చెప్పేశాను, ఆగితే మళ్ళీ చెప్పలేనేమోనని.

బండి పక్కకి ఆపుతున్న చప్పుడు వినిపించింది.

“కాయితం దొరక్కముందు సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో మాకు చుట్టాలు చాలామంది అక్కా. ఇంటిపేరు చెప్తే చాలు, ఇంటికి పిల్చి అన్నం పెట్టినారు. కాయితం చూపిచ్చినాక ఒక్కరూ లేరు. అందుకే మీకు ఇంటిపేరొక్కటే చెప్పినా,” అన్నాడు. కోపంగా అనలేదు. “మా అమ్మకి ఆ గడి సంగతి నేను చెప్పలేదు. ఆమెకి ఇంగ్లీషు చదవరాదు. మీరూ చెప్పకండి.”

చెప్పనన్నాను. తను ఇంటికి దగ్గర్లోనే ఉన్నానని, అమ్మతో మీరే చెప్పండని, ఫోను పెట్టకండని బతిమాలాడు. పెట్టలేదు. నా కారు ముందు నుంచి జనం ట్రాలీలు తోసుకుంటూ పోతున్నారు. అతను గేటు తీసిన చప్పుడైంది. పరుగున మెట్లెక్కి, హిందీలో, తెలుగులో ఏదో చెప్పాడు. ఆవిడ గొంతు దగ్గరికి వచ్చింది. ఊరి పేరు నా చేత మూడుసార్లు చెప్పించుకుంది. ఒక్కోసారి తను కూడా పలికింది. మూడోసారికి సరిగ్గా వచ్చింది. ఏడుస్తోందని అతను చెప్పక్కర్లేకుండానే తెలిసింది. నాకూ ఏడుపొచ్చింది. కాలవ ఉందా అని అడిగింది. ఉందన్నాను. వంతెన ఉందా అంది. ఇప్పుడు సిమెంటుది కట్టారని చెప్పాను. మనోళ్ళ ఇళ్ళెక్కడ అంది. కాలవ అవతల అన్నాను.

“మనిళ్ళకాడ నీడుంటాదా అమ్మా? చెట్లున్నాయా? ఆ వీధి ఎలాగుంటాది?”

మా వీధిలో ప్రతి ఇంటి అరుగూ చెప్పగలను. బడి చెప్పగలను, రామకోవెల చెప్పగలను. ఆ వీధి చెప్పలేను.

“నాకు తెలీదమ్మా. నేనెప్పుడూ అటు వెళ్ళలేదు,” అన్నాను.

“నీ ఊరేకదమ్మా. ఎందుకెల్లలేదు, దూరమా?” అంది. తెలుసుకోవాలని అడిగిందంతే.

పద్దెనిమిదేళ్ళు ఆ ఊళ్ళో పెరిగాను. దూరం కాదమ్మా అన్నాను. మా పెరట్లో నిలబడితే కనిపించేవి ఆ ఇళ్ళు.